జలాంతర్గామి కొనడమంటే



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆయన లెక్కల మనిషి. నౌకాదళం పద్దులు చూస్తూ ఉద్యోగ జీవితం గడిపినవారు. అలాంటి పెద్దమనిషి పేరున మాట్లాడుతూ యుద్ధవీరుల గాథలు చెప్పడం నాకు సబబనిపించలేదు. యుద్ధ సామగ్రిని ఎలా కొంటారు, ఆ కొనుగోలును ఏళ్ల తరబడి ఎలా నడుపుతారు అన్న పొడి విషయమే ఎంచుకున్నాను. విశాఖలో మాట్లాడుతున్నాను కనుక ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. రామకృష్ణా బీచిలో ఇసుక మీదికెక్కిన కుర్సురా ఉంది. పిల్లల్ని తీసుకుని మీరంతా ఒక్కసారైనా దాని లోపలికి వెళ్లే ఉంటారు.

కుర్సురా 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో విరమించింది, 2002లో మ్యూజియమైంది. దాని తోడివి కల్వరి, ఖండేరి, కరంజ్. నాలుగూ సోవియట్ యూనియన్‌లో తయారైనవే. మొదటిది కల్వరి, 1967 డిసెంబరు 8న అది చేరిన రోజునే ఇప్పటికీ సబ్‌మెరైన్ దినంగా జరుపుకుంటారు. బ్రిటన్‌తో బేరం కుదరక మాస్కో వైపు తిరిగి, 1965లో ఒప్పందం చేసుకున్నాం. టెండరు లేదు, పోటీ లేదు. రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకున్నాయి. ఓడలు వచ్చాయి, వాటిని నడిపేవారికి శిక్షణ దొరికింది, 1971లో ఇక్కడ వీరబాహు స్థావరం ఏర్పడింది. ఆ రోజుల్లో కొనుగోలంటే అంతే. సరళంగా ఉండేది. కాకపోతే విడిభాగం కావాలన్నా, పెద్ద మరమ్మతు చేయాలన్నా అమ్మినవాడి మొహమే చూడాలి.

ఇప్పటి పద్ధతి వేరు. కార్గిల్ యుద్ధం తర్వాత మంత్రుల బృందం ఇచ్చిన నివేదిక మీద 2001లో రక్షణ కొనుగోళ్ల మండలి ఏర్పడింది. 2002లో కొనుగోలు విధానాన్ని పుస్తకంగా అచ్చువేశారు. దాన్ని పదేపదే సవరించారు. 2020లో మరో కూర్పు వచ్చింది. దాని ప్రకారం ముందు దళం తనకేం కావాలో రాసుకోవాలి. ఎంత లోతు దిగాలి, ఎన్నాళ్లు నీళ్లలో ఉండాలి, ఏ ఆయుధం మోయాలి వంటివన్నీ అందులో ఉంటాయి. రక్షణ శాఖలో వీటిని క్యూఆర్‌లంటారు. తర్వాత మండలి అవసరాన్ని ఆమోదిస్తుంది. అప్పుడు కంపెనీలకు ఆర్‌ఎఫ్‌పీ, అంటే ప్రతిపాదనలు పంపమన్న పిలుపు, వెళ్తుంది. సాంకేతిక పరిశీలన, పరీక్షలు అయ్యాక ధరల కవర్లు విప్పి, తక్కువ చెప్పినవాడితో బేరసారాలు జరుపుతారు. పెద్ద మొత్తమైతే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ముద్ర కావాలి. ఆ తర్వాతే సంతకాలు.

కాగితం మీద ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. చిక్కంతా మొదటి మెట్టులోనే ఉంది. క్యూఆర్‌లు రాసేవారు ప్రపంచంలోని ప్రతి ఓడలోనూ ఉన్న మేలైన గుణాన్ని ఏరి ఒకే పట్టికలో పెడితే, అన్నీ ఉన్న ఓడ ఎక్కడా దొరకదు. దొరకనిదాని కోసం ఏళ్లు గడుస్తాయి. రెండో చిక్కు ఎల్-1, అంటే తక్కువ ధర చెప్పినవాడికే పని. ముప్పై ఏళ్లు నడవాల్సిన యంత్రానికి కొన్న ధరను మాత్రమే చూడటం, పెళ్లి ఖర్చు లెక్కేసి కాపురం ఖర్చు మరిచిపోవడం లాంటిది. జీవితకాలపు ఖర్చంతా లెక్కగట్టే పద్ధతిని యుద్ధవిమానాల టెండరులో వాడారు. 2007లో పిలిచిన ఆ 126 విమానాల టెండరు ఎనిమిదేళ్లు నడిచింది, 2015లో వెనక్కి వెళ్లింది. చివరికి రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో 36 రఫేల్‌లు కొన్నాం. అదంతా వేరే ఉపన్యాసానికి సరిపడే కథ. నేను జలాంతర్గాముల దగ్గరే ఉంటాను.

1981 డిసెంబరులో పశ్చిమ జర్మనీలోని హెచ్‌డీడబ్ల్యూ కంపెనీతో నాలుగు జలాంతర్గాములకు ఒప్పందం కుదిరింది. రెండు కీల్ నగరంలో, రెండు ముంబయి మజగావ్ డాక్‌లో కట్టాలి. శిశుమార్, శంకుష్ 1986లో జర్మనీలోనే దళంలో చేరాయి. ముంబయి పనివాళ్లు కీల్ వెళ్లి పని నేర్చుకున్నారు. అందులో కీలకం ప్రెషర్ హల్ వెల్డింగు. నీళ్లలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణం బరువు పెరుగుతుంది. రెండు వందల మీటర్ల లోతున ఆ ఉక్కు గొట్టాన్ని గాలి ఒత్తిడికి ఇరవై రెట్ల ఒత్తిడి నలువైపులా నొక్కుతుంది. వేలెడంత అతుకులో వెంట్రుకవాసి బీట ఉన్నా పనికిరాదు. ప్రతి అతుకునూ ఎక్స్‌రే తీస్తారు. లోపం కనబడితే కోసి మళ్లీ వేస్తారు. ఈ పని పుస్తకం చదివితే రాదు. చేస్తూ చేస్తూనే చెయ్యి తిరుగుతుంది, మానేస్తే పోతుంది.

1987లో ఈ ఒప్పందంలో దళారీలకు కమీషన్లు ముట్టాయన్న ఆరోపణ బయటికొచ్చింది. అదే ఏడు బోఫోర్స్ గొడవ కూడా మొదలైంది. ఢిల్లీలో ఫైలు ముట్టుకోవడానికే భయపడే కాలం వచ్చింది. మజగావ్‌లో కట్టాలనుకున్న ఐదో ఓడ, ఆరో ఓడ ఆగిపోయాయి. ముంబయి వంతు రెండూ, షల్కి 1992లో, శంకుల్ 1994లో పూర్తయ్యాయి. అంతే. మళ్లీ జలాంతర్గామి కోసం అక్కడ ఉక్కు కోసింది 2006 డిసెంబరులో.

పన్నెండేళ్లు! కీల్‌లో పని నేర్చుకుని వచ్చినవాళ్లు వేరే పనుల్లోకి మళ్లారు, కొందరు పదవీ విరమణ చేశారు. జలాంతర్గాముల కమీషన్ల కేసు ఏళ్ల తరబడి సాగి మూతపడింది. లంచం ఆరోపణ వస్తే విచారించాల్సిందే, తప్పు చేసినవాణ్ణి జైల్లో పెట్టాల్సిందే. ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ దళారీని పట్టుకోవడానికి వెల్డర్ చేతిలోని టార్చి ఎందుకు లాక్కోవాలి? మనం శిక్షించింది కంపెనీని కాదు. కంపెనీ ఇతర దేశాలకు ఓడలు అమ్ముకుంటూనే ఉంది. శిక్షపడింది మన రేవుకి.

1999లో ముప్పై ఏళ్ల జలాంతర్గామి ప్రణాళికకు ఆమోదం దొరికింది. 2030 నాటికి ఇరవై నాలుగు కట్టాలన్నది లక్ష్యం. అందులో తొలి అడుగుగా 2005 అక్టోబరులో ఫ్రాన్స్‌తో ఆరు స్కార్పీన్ తరగతి జలాంతర్గాములకు సంతకాలు జరిగాయి. మొదటిది 2012లో రావాలి, వచ్చింది 2017 డిసెంబరులో. దాదాపు 18,800 కోట్ల ప్రాజెక్టు 2010 నాటికే 23,500 కోట్లు దాటింది. మజగావ్ విడిగా కొనుక్కోవాల్సిన సామాన్ల ధరలు ఒప్పందం నాడే తేల్చుకోకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. సంతకం రోజున వదిలేసిన చిన్న వాక్యాలకు తర్వాత ఏళ్లూ కోట్లూ చెల్లించాం.

అంతకన్నా వింత టార్పెడోలది. ఈ ఓడల కోసం ఇటలీలో తయారయ్యే బ్లాక్ షార్క్ టార్పెడోలు తొంభై ఎనిమిది ఎంపిక చేశారు. తయారుచేసేది ఫిన్‌మెకానికా గొడుగు కింది కంపెనీ. అదే గొడుగు కిందున్న అగస్టావెస్ట్‌ల్యాండ్ అమ్మిన వీవీఐపీ హెలికాప్టర్ల మీద 2013లో లంచాల కేసు పడింది. 2014 జనవరిలో హెలికాప్టర్ల ఒప్పందం రద్దయింది, 2016లో టార్పెడోల కొనుగోలూ అదే దారి పట్టింది. హెలికాప్టర్ల తప్పుకు టార్పెడోలు పోయాయి. వేల కోట్ల ఓడలు తమ కోసం ఎంచుకున్న టార్పెడో లేకుండానే దళంలో చేరాయి. హెచ్‌డీడబ్ల్యూ ఓడల కాలంనాటి పాత జర్మన్ టార్పెడోలే వాటికి గతయ్యాయి. ఇక్కడ మన ఊరు వస్తుంది. విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్ర టార్పెడోను భారత్ డైనమిక్స్ ఇక్కడి యూనిట్‌లో తయారుచేస్తోంది. అది యుద్ధనౌకల మీది నుంచి వదిలేది. జలాంతర్గామి నుంచి వదిలే బరువు టార్పెడోను డీఆర్‌డీవో విడిగా సిద్ధం చేసింది. దాన్ని ఈ స్కార్పీన్ ఓడలకు అమర్చడానికి 2024 డిసెంబరులో ఫ్రాన్స్ కంపెనీతో సుమారు 877 కోట్లకు ఒప్పందం జరిగింది. మన ఆయుధాన్ని మన ఓడలో పెట్టడానికి పరాయివాడి సాయం ఎందుకంటే, ఓడలోని పోరాట వ్యవస్థ తాళంచెవులు వాడి దగ్గరున్నాయి. సాంకేతిక బదిలీ అన్న మాటను ఒప్పందంలో ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా, ఆ తాళంచెవుల సంగతి ఏ పేజీలో ఉందో వెతకాలి.

మరమ్మతు కూడా కొనుగోలులో భాగమే. ఆ సంగతి మన ఊరికి మరీ బాగా తెలియాలి. 2006లో ఇక్కడి హిందుస్థాన్ షిప్‌యార్డుకు మరమ్మతుకు వచ్చిన సింధుకీర్తి జలాంతర్గామి తిరిగి దళానికి చేరింది 2015లో. తొమ్మిదేళ్లు రేవులో కూర్చున్న జలాంతర్గామి పట్టికలో లెక్కకు వస్తుంది, సముద్రంలో లెక్కకు రాదు.

ఇదే నగరంలో దీనికి పూర్తిగా భిన్నమైన కథ కూడా నడిచింది. అరిహంత్. అణుశక్తితో నడిచే ఈ జలాంతర్గామి 2009 జులై 26న ఇక్కడి షిప్ బిల్డింగ్ సెంటర్‌లో నీళ్లలోకి దిగింది. 2016లో దళంలో చేరింది, 2024 ఆగస్టులో అరిఘాత్ దాని వెంట వచ్చింది. హల్ భాగాలను ఎల్ అండ్ టీ హజీరాలో తయారుచేసి పంపితే, ఇక్కడ జోడించారు. ఎల్-1 లేదు, పదేపదే టెండర్లు పిలవడం లేదు, ప్రాజెక్టు నేరుగా పైస్థాయి పర్యవేక్షణలో నడిచింది. సిబ్బంది అలవాటు పడటానికి 1988లో సోవియట్ యూనియన్ నుంచి, 2012లో రష్యా నుంచి అణు జలాంతర్గామిని అద్దెకు తెచ్చుకుని చక్ర అని పేరు పెట్టుకున్నాం. ఈ ప్రాజెక్టుకూ ఆలస్యాలున్నాయి, దశాబ్దాలే పట్టింది. గోప్యత వల్ల దాని పద్దులు మన ఎదుట లేవు. ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆయన అయితే ఆ ఒక్క మాట దగ్గర నన్ను ఆపేసేవారు. అయినా ఒక సంగతి కళ్లెదుట ఉంది. అక్కడ వరుస తెగలేదు. ఒకటి అయ్యేలోపే రెండోదాని పని మొదలైంది. మొదటిదాని మీద చెయ్యి తిరిగినవాడే రెండోదాని మీద పనిచేశాడు.

మజగావ్‌లో మళ్లీ అదే ప్రశ్న తలెత్తింది. ఆరో స్కార్పీన్ వాగ్షీర్ 2025 జనవరిలో దళంలో చేరింది. తర్వాతి ఆరింటి కోసం అనుకున్న 75-ఐ ప్రాజెక్టుకు ఆర్‌ఎఫ్‌పీ వెళ్లింది 2021 జులైలో. ఆ ఆలోచన మాత్రం అంతకు పదేళ్ల ముందు నుంచే ఫైళ్లలో ఉంది. గాలి కోసం పైకి రాకుండా ఎక్కువ రోజులు నీళ్లలో ఉండే ఏఐపీ అప్పటికే సముద్రంలో పనిచేస్తూ ఉండాలన్న షరతు చూసి స్కార్పీన్‌ల రూపకర్త అయిన ఫ్రాన్స్ కంపెనీయే పక్కకు తప్పుకుంది. చివరికి మిగిలింది మజగావ్, దానితో జట్టుకట్టిన జర్మనీ కంపెనీ టీకేఎంఎస్. ఆ టీకేఎంఎస్ ఎవరో కాదు, కీల్‌లోని పాత హెచ్‌డీడబ్ల్యూ వారసురాలు. 1987లో ఎవరితో తెంచుకున్నామో వారితోనే 2025లో బేరం మొదలుపెట్టాం. మధ్యలో ముప్పై ఎనిమిదేళ్లు. ఈ కాలమంతా ఏడాదికి ఒకటి కాకున్నా మూడేళ్లకొకటి కట్టుకుంటూ వచ్చి ఉంటే, ఈ పాటికి మన రేవులు ఎక్కడ ఉండేవో లెక్కల మనుషులు ఊహించగలరు.

నా తీర్పు ఇదీ. మన కొనుగోలు వ్యవస్థ నిర్ణయం తీసుకోవడం మీద పెట్టే శ్రద్ధ కొనసాగించడం మీద పెట్టదు. అవసరానికి ఆమోదం లభించిందని వార్త వస్తే చప్పట్లు కొడతాం. అది ఒప్పందం కాదు, డబ్బు కాదు, ఓడ అసలే కాదు. తర్వాత ఏమైందని అడిగేవాడుండడు. ఓడ వస్తే ఆనందిస్తాం, తర్వాతి ఓడకు ఉక్కు కోశారా అని అడగం.

కాబట్టి విశాఖ వాసులకు ఒక మనవి. ఇకమీదట రక్షణ ఒప్పందం వార్త కనబడినప్పుడు ధర దగ్గరే ఆగిపోకండి. ఆయుధాలు కూడా ఆ ధరలోనే ఉన్నాయా, మరమ్మతు ఎక్కడ చేస్తారు, ఇది పూర్తయ్యాక ఈ రేవులో పనివాళ్లకు తర్వాతి పని ఏమిటి అని అడగండి. కాగ్ నివేదికలు, రక్షణ వ్యవహారాల పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలు ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మన ఎంపీలు పార్లమెంటులో కూర్చుంటారు. వాళ్లను అడగండి.