ఇంగ్లీషు అచ్చులు – వాటి పలుకుబడి
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



తెలుగు పిల్లవానికి అక్షరాభ్యాసమైన కొలది మాసములకే ఒక గొప్ప సౌలభ్యము లభించును. ఈకారమును చూచినచోట ఈ యనియే పలుకును. ఓకారమును చూచినచోట ఓ యనియే పలుకును. ఆ ధైర్యముతోనే అతడు ఇంగ్లీషు వాచకమును తెరచును. తెరచిన దినముననే ఆ ధైర్యము సడలును. ‘పుట్’ అను మాటలో ఉకారముగా పలికిన అక్షరమే ‘కట్’ అను మాటలో అకారమువలె వినవచ్చును. కారణమడిగినచో ‘అది అంతే’ యను సమాధానము వచ్చును. అంతట పిల్లవాడు తన బుద్ధినే శంకించుకొనును. కాని దోషము అతని బుద్ధిది కాదు. ఈ వింతకొక చరిత్ర కలదు.

ఇంగ్లీషున అచ్చులకై వాడు అక్షరములు ముఖ్యముగా ఐదే. కాని దక్షిణ ఇంగ్లండు విద్యావంతుల ఉచ్చారణను ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున వర్ణించిన శాస్త్రజ్ఞులు శుద్ధమైన అచ్చులు 12, ఒకదానినుండి మరియొకదానికి జారు అచ్చులు 8, వెరసి 20 ధ్వనులను లెక్కించిరి. ఐదు డబ్బాలలో ఇరువది దినుసులు దాచిన వంటింట క్రొత్తకోడలు తడబడుట వింత కాదు.

ఈ చిక్కు ఎట్లు వచ్చినది? సుమారు 1400 మొదలు 1700 వరకు ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నియు తమ స్థానములనుండి కదలినవి. డెన్మార్కు పండితుడైన ఆటో యెస్పర్సన్ దీనికి ‘మహా స్వరపరివర్తనము’ అను అర్థము వచ్చు పేరు పెట్టెను. నాలుక నోటిలో పైకి జరుగుకొలది ఆకారము ఏకారమైనది, ఏకారము ఈకారమైనది, ఓకారము ఊకారమైనది. అప్పటికే పైయంచున నున్న ఈ, ఊ లకు ఎక్కుటకు చోటు లేక అవి ఐ, ఔ లుగా చీలినవి. నేడు ‘నేమ్’ అని పలుకు మాట పూర్వము ఇంచుమించు ‘నామ’ అనియే పలికెడిది. మన సంస్కృత ‘నామ’ శబ్దమునకు అది దాయాదియే. ‘ఫీట్’ నాడు ‘ఫేట్’. ‘మూన్’ నాడు ‘మోన్’. ‘హౌస్’ నాడు ‘హూస్’. స్కాట్లండు జానపదుల నోట ‘హూస్’ నేటికిని నిలిచియున్నది.

ఈ మార్పు జరుగుచుండగనే, 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టరులో ముద్రణాలయమును స్థాపించెను. అచ్చుపుస్తకములు వ్యాపించినకొలది వర్ణక్రమము గట్టిపడెను. పలుకు మాత్రము ఆగక సాగిపోయెను. అందుచే ఇంగ్లీషున అక్షరములు తాతలనాటివి, ధ్వనులు మనుమలనాటివి.

ఆ మనుమలైనను ఒక్కతీరున పలుకుదురా? పలుకరు. దక్షిణ ఇంగ్లండువారు ‘కప్పు’ అను పాత్రను ఉత్తరమున ‘కుప్’ అన్నట్లు పలుకువారు పెక్కురు. స్నానమునకు పేరైన ‘బాత్’ దక్షిణమున దీర్ఘము, ఉత్తరమున హ్రస్వము. లాగుట యను అర్థముగల ‘పుల్’, మడుగు అను అర్థముగల ‘పూల్’ స్కాట్లండున సాధారణముగా ఒక్క తీరుననే వినవచ్చును. వేడియను అర్థముగల ‘హాట్’ లోని అచ్చును ఇంగ్లండువారు పెదవులు గుండ్రముగా చేసి పలుకగా, అమెరికనులలో అనేకులు పెదవులు విప్పి ఆకారముగనే పలుకుదురు. న్యూజిలాండువాని ‘పెన్’ పరదేశికి ‘పిన్’ వలె తోచును. ఆస్ట్రేలియావాని ‘డే’ ఇంచుమించు ‘డై’ వలె తోచును. వీరందరును ఇంగ్లీషు మాతృభాషగా కలవారే.

తెలుగువారి నోటను ఇట్టి వింతలు లేకపోలేదు. ‘వచ్చాడు’ అను మాటను పలుకునపుడు పలువురి నోట రెండవ అచ్చు ఆకారమును కాదు, ఏకారమును కాదు. రెంటికి నడుమనున్న ధ్వని. దానికి వర్ణమాలలో అక్షరమే లేదు. ‘బ్యాంకు’ అని యకారము చేర్చి వ్రాయుట ఆ లోటును పూడ్చుకొను ఉపాయమే. ‘కాఫీ’, ‘డాక్టరు’, ‘కాలేజీ’ అను మాటలలో ఇంగ్లండువారి గుండ్రని అచ్చు తెలుగున ఆకారమైనది. ఇంగ్లీషున ఊనిక లేనిచోట అచ్చులు బలము తగ్గి అస్పష్టమగును. తెలుగువాడు ప్రతి అచ్చునకును నిండు తూకము వేయును. ఇది సోమరితనము కాదు, తల్లిభాష నేర్పిన నిజాయితీ.

కాని లోకము అచ్చులను విని మనుష్యులను తూచుచున్నది. ఇక్కడనే అసలు బాధ కలదు. బెర్నార్డ్ షా వ్రాసిన ‘పిగ్మేలియన్’ నాటకము 1914లో లండనున ప్రదర్శింపబడెను. పూలమ్ముకొను పిల్ల ఉచ్చారణ మార్చినంతనే దొరసానిగా చలామణి అగుట అందలి కథ. పల్లెనుండి పట్టణపు కాలేజీకేగిన విద్యార్థి ఒక్క అచ్చు తప్పినందుకు నవ్వులపాలై, తెలిసిన జవాబును సైతము చెప్పక వెనుక బల్లపై మౌనముగా కూర్చుండుట కలదు. అచ్చు తప్పుటవలన కలుగు నష్టము స్వల్పము. ఆ మౌనమువలన కలుగు నష్టము అపారము.

నవ్వువారు రెండు సంగతులు తెలిసికొనవలయును. రెండవ ఎలిజబెత్ రాణి 1950 ప్రాంతపు క్రిస్మసు ప్రసంగములను 1980 ప్రాంతపు ప్రసంగములతో పోల్చి శాస్త్రజ్ఞులు 2000 సంవత్సరమున ఒక పరిశోధన ప్రకటించిరి. రాణిగారి అచ్చులే సామాన్యప్రజల పలుకువైపు జరిగినవని తేలినది. ఇక రెండవది: 1963లో విలియం లబోవ్ అను అమెరికా పండితుడు మార్తాస్ వినియార్డ్ అను ద్వీపవాసుల పలుకును పరిశీలించి ప్రకటించెను. వేసవి యాత్రికుల తాకిడి పెరిగినకొలది, పుట్టిన నేలపై మమకారముగలవారు ‘రైట్’, ‘హౌస్’ వంటి మాటలలో తమ ద్వీపపు అచ్చును మరింత గట్టిగా పట్టుకొనిరి. ద్వీపమును విడువగోరువారిలో అది తక్కువ. అచ్చులో ఊరిపై ప్రేమయు దాగియుండును.

అట్లని అభ్యాసము వలదనుట కాదు. అర్థము మారు చోట శ్రద్ధ అవసరము. ఓడయగు ‘షిప్’, గొఱ్ఱెయగు ‘షీప్’ కలసిపోరాదు. పిల్లియగు ‘క్యాట్’, మంచమగు ‘కాట్’ కలసిపోరాదు. ఊనిక ఏ అక్షరముపై పడునో తెలిసినచో వినువానికి మాట సులభముగా అందును. ఇక ‘డే’, ‘గో’ లను జారుడు లేక నిలుకడగా పలికినచో సిగ్గుపడ పనిలేదు; స్కాట్లండువారును అట్లే పలుకుదురు. ఇట్టి బోధనకై 1958లో హైదరాబాదున స్థాపింపబడిన కేంద్ర ఆంగ్ల సంస్థయే నేడు ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమై వెలయుచున్నది.

గ్రామమునకు అంతటి సంస్థ లేకపోవచ్చును, గ్రంథాలయము కలదు. మంచి ఇంగ్లీషు నిఘంటువున ప్రతి పదము ప్రక్కను ఉచ్చారణ చిహ్నములుండును. డేనియల్ జోన్స్ 1917లో ఉచ్చారణకే ప్రత్యేకముగా ఒక నిఘంటువును వెలువరించెను. దినమునకు ఐదు మాటల చొప్పున ఆ చిహ్నములను చూచి, పైకి పలికి, తోటివానికి వినిపించిన బాలుడు ఏడాదికి పదునెనిమిది వందల మాటలకు పైగా నేర్చును. అతడు పలుకునపుడు పెద్దలు నవ్వక వినవలయును. నోరు తెరచినవానికే అచ్చు చక్కబడును.