గిరిప్రదక్షిణలో పిల్లలు

(కొత్తవలసలో భక్తులనుద్దేశించి చేసిన ఉపన్యాస పాఠం, జూన్ 2022)



రానున్న ఆషాఢ శుద్ధ చతుర్దశి, అనగా జూలై 12వ తేదీన, సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ జరుగనున్నది. కరోనా కారణంగా 2020లోను, 2021లోను ఇది ఆగిపోయిన సంగతి మీకు విదితమే. ఆ రెండేండ్లు చందనోత్సవం సైతం ఏకాంతంగానే జరిగినది. అందుచేత ఈసారి మన కొత్తవలస నుండి కుటుంబాలకు కుటుంబాలే పెందుర్తి మీదుగా బయలుదేరుతాయి. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లవచ్చునా అని పలువురు అడుగుతున్నారు. వ్యాధి తగ్గినదే కాని తొలగిపోలేదు కనుక ప్రశ్న సమంజసమే.

ముందుగా శాస్త్రం సంగతి. ఉపనయనానికి పూర్వం బాలునికి నడవడిలో, మాటలో, ఆహారంలో నిర్బంధం లేదని గౌతమ ధర్మసూత్రం చెబుతున్నది. వ్రతనియమాల భారం ఆ వయస్సుపై పడదన్నమాట. బిడ్డకు జబ్బు చేస్తే, "బాగైతే వీడిచేత కొండ చుట్టిస్తాను" అని తల్లి మొక్కుకుంటుంది. ఆ మొక్కు తల్లిది. దానిని తీర్చవలసిన కాళ్లు కూడా తల్లివే. మొన్న ఒక ఇల్లాలు వచ్చి, "పంతులుగారూ, మనవడికి జలుబు చేసింది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. మొక్కు తప్పితే అప్పన్నకు కోపం వస్తుందేమో" అన్నది. "పసివాడైన ప్రహ్లాదుని కోసం స్తంభం నుండి వెలువడిన స్వామి, పసివానికి జ్వరం వచ్చినదని కోపగిస్తాడా తల్లీ?" అన్నాను.

జ్వరం, దగ్గు ఉన్న బిడ్డను భుజానికెత్తుకొని జనంలోకి తేవడం భక్తి అనిపించుకోదు. పక్కన నడిచే అపరిచితుని ఇంట ముసలితల్లి ఉండవచ్చు. వ్యాధి నిర్ధారణ అయితే కనీసం ఏడు దినాలు, జ్వరం వదలిన పిమ్మట మూడు దినాలు గడిచేవరకు ఇల్లు కదలరాదని ప్రభుత్వ నిబంధన ఉన్నది. పన్నెండేండ్లు నిండిన పిల్లలకు మొన్న మార్చి 16 నుండి టీకా వేస్తున్నారు. అంతకు చిన్నవారికి ఆ రక్షణ ఇంకను లేదు. 2020 జూన్‌లో ఆలయాలు తెరచినప్పుడు పదేండ్ల లోపువారిని, అరవై అయిదు దాటినవారిని ఇంటనే ఉండమన్నారు. నేనూ ఆ జాబితాలోని వాడినే. కొందరు నొచ్చుకున్నారు. ఆపద్ధర్మానికి మహాభారత శాంతిపర్వంలో ఒక ఉపపర్వమే కేటాయించిన సంప్రదాయం మనది. నొచ్చుకోవలసిన పని లేదు.

ఇక నడక. తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, అడివివరం, హనుమంతవాక, అప్పూఘర్, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ దిగువకు చేరేసరికి 32 కిలోమీటర్లు. అనేకులు రాత్రంతా నడుస్తారు. ఏడెనిమిదేండ్ల బిడ్డకు ఇది తగిన నడక కాదు. పెద్దలు మొత్తం నడవండి. పిల్లలను మరొక పెద్ద దిక్కుతో గోపాలపట్నం వద్ద ఉంచి, అక్కడి నుండి మిగిలిన కొద్ది దూరం మీతో నడిపించండి. సగం ప్రదక్షిణ దోషమని ఎవరైనా అంటే, ఆ మాట పెద్దలకు చెప్పమనండి.

భయం కొండగాలిలో లేదు, గుంపులో ఉన్నది. తొలిపావంచా వద్ద, చలివేంద్రాల వద్ద, ప్రసాదం పంచే చోట జనం ఒకరినొకరు ఒరుసుకుంటారు. అక్కడ పిల్లలకు మాస్కు ఉండాలి. అయిదేండ్ల లోపు వారికి మాస్కు వద్దని వైద్యులే చెప్పారు గనుక వారిని అసలు ఆ గుంపులోకే తీసుకుపోకండి. ఖాళీ రోడ్డున పిల్లలను హాయిగా ఊపిరి పీల్చుకోనివ్వండి. ఆషాఢపు చినుకులకు, చెమటకు తడిసిన మాస్కు పనికిరాదు. పొడిది మరొకటి సంచిలో ఉంచండి. మజ్జిగకు ఇంటి గ్లాసు తీసుకువెళ్లండి. మీ ఫోను నంబరు రాసిన చీటీ బిడ్డ జేబులో పెట్టండి. తారు కాలుతున్నప్పుడు పిల్లలకు చెప్పులు వేయండి, ఏ దోషమూ లేదు.

అప్పూఘర్ వద్ద సముద్రస్నానం చేసేవారున్నారు. ఆషాఢంలో కెరటం బలంగా ఉంటుంది. పిల్లలను నీటిలో దింపకండి. చెంబుతో తెచ్చి నెత్తిన చల్లితే చాలును, ప్రోక్షణ కూడా స్నానమే.

నడవలేనివారు ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసే వాడుక సింహాచలంలో ఉన్నదే. పసివారున్నవారు పౌర్ణమి రద్దీ తగ్గిన తరువాత ఏ బుధవారమో తెల్లవారుజామున రండి. మెట్లదారిన బిడ్డ వేలు పట్టుకొని, అలసిన చోటల్లా కూర్చోబెట్టి ఎక్కించండి. తాతగారిని, మామ్మగారిని అప్పుడే తీసుకురావచ్చు.