మన కార్డు ఏ డీలరు సొత్తూ కాదు

(పేటలో సాయంత్రం జరిగిన కూలీల సభలో చేసిన ప్రసంగం)



బడిలో పాఠం చెప్పే నోళ్లు మావి. ఇవాళా పాఠమే, బియ్యం పాఠం.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. ఆ బియ్యం తినే మా తరం బడికి పోయింది, కాదనం. కానీ వాటిని ఎవరి అరుగు మీద కొలిచారు? మా చిన్నతనంలో మా అమ్మలు కూలి పోగొట్టుకుని పొద్దుటి నుంచి నిలబడితే, ఊళ్లోవాళ్లందరికీ అయ్యాక మన సంచిలో పైనుంచి పోసేవాళ్లు, చెయ్యి తగలకుండా. తూకం తగ్గిందంటే "వచ్చే నెల సంగతి చూస్తాలే" అనేవాడు డీలరు. ఆ ఒక్క మాటకే నోరు మూసుకున్నాం. కార్డు మనదే, కొట్టు మాత్రం రాసిపెట్టింది. ఇంకో కొట్టుకు పోయే దారి లేదు.

ఇప్పుడా కట్టు తెగింది. ఒక రాష్ట్రం కార్డుకు ఇంకో రాష్ట్రంలో బియ్యమివ్వడం 2019 ఆగస్టులో మొదలైంది. మొదట ఆంధ్ర, తెలంగాణ ఒక జత, గుజరాత్, మహారాష్ట్ర ఇంకో జత. కరోనాలో రోడ్ల వెంట నడిచిపోయిన వలస కూలీల కేసులో 2021 జూన్ 29న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ దీన్ని అమలు చెయ్యాలంది. 2022కల్లా దేశమంతా వచ్చింది. ఇది ఎవరో పెట్టిన భిక్ష కాదు. 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. 2023 జనవరి నుంచి పైసా కట్టక్కర్లేదు.

హైదరాబాదు తాపీపనికి పోయినవాళ్లు బాగా వినండి. ఇంట్లో ఐదుగురుంటే 25 కిలోలు. అక్కడున్న ఇద్దరూ తమ 10 కిలోలు అక్కడే తీసుకోవచ్చు, మిగతా 15 ఇక్కడ అమ్మ తీసుకుంటుంది. ముందే ఫోన్లో మాట్లాడుకోండి, లేకుంటే ఒకరు మొత్తం తీసేస్తే రెండోవాళ్లకు ఉండవు. పక్క రాష్ట్రంలో బియ్యం కేంద్రం లెక్కలో ఉన్న కార్డులకే. మన రాష్ట్రం విడిగా ఇచ్చే పప్పూ చక్కెరా అక్కడ అడిగితే రావు. మట్టిపనికి వేళ్లరిగి మిషన్ ఒప్పుకోకపోతే, కార్డులో పేరుండి ఆధారు కలిసినవాళ్లు ఎవరైనా వేలు పెట్టొచ్చు.

"మా కార్డులకే స్టాకు చాలదు, మీ ఊరికే పో" అంటారు. అనకుండా ఉండరు. గొడవపడొద్దు, వెనక్కీ రావొద్దు. అక్కడే నిలబడి 1967కు ఫోన్ కొట్టండి, తర్వాత తహసీల్దారుకు అర్జీ రాయండి. రాయడం మా పని.

ఇంకో సంగతి. పెత్తందారులు వెలేసినప్పుడు మొదట మూసేది కిరాణా కొట్టే కదా? మన మీద వెలివేత పెట్టడం, పెడతామని బెదిరించడం కూడా అట్రాసిటీ చట్టం కింద నేరం. 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. కేసు నడిచేదాకా పొయ్యి ఆగదు గదా! అప్పుడు ఈ కార్డు పట్టుకుని పక్కూరికి పోవచ్చు.

లెక్కల మాస్టర్లం, ఒక్క లెక్క చెప్పక మానలేం. నెలకు కిలో తగ్గితే ఏడాదికి 12 కిలోలు. ఐదుగురి ఇంట్లో దాదాపు సగం నెల కోటా!

వచ్చే నెల బియ్యం వదలగానే పేటలో సగం మందిమి పక్కూరి కొట్టుకే పోదాం. ముసలమ్మలకు ఆటో కిరాయి మేం పెట్టుకుంటాం. కార్డు, ఆధారు తెచ్చుకోండి. సంచి కాటా మీద పెట్టించి, అంకె చూసి మరీ దించండి.