పుల్లల పొయ్యి మంటను కొలుచుట

చిన్న పుల్లల పొయ్యిలో మంట ఎంత వేడిగా నున్నది? ఒక సన్నని అల్యూమినియపు తీగను, ఒక సన్నని రాగితీగను పటకారుతో పట్టి మంటలో నుంచుడు. అల్యూమినియము 660 సెంటిగ్రేడు డిగ్రీలకు కరగును. రాగికి 1085 డిగ్రీలు కావలెను. మొదటిది కరగి, రెండవది ఎఱ్ఱబడి నిలిచినచో, తీగల వేడిమి ఈ రెంటి నడుమ నున్నదన్నమాట.

తీగల వేడిమి యంటిని గాని మంట వేడిమి యనలేదు. కాలిన లోహము తనకంటె చల్లనైన గిన్నె అడుగునకు, పొయ్యి గోడలకు వేడిమిని వెదజల్లుచునే యుండును. కనుక మంటకంటె కొంత చల్లగానే నిలుచును. రెండు భిన్న లోహపు తీగలను కొసల కలిపి చేయు థర్మోకపుల్ అను సాధనమునకును ఈ లోటు తప్పదు. అతుకు లావైనకొలది అంకె తగ్గును.

పచ్చికట్టె పెట్టిన నాడు ఏ సాధనమైనను తక్కువే చూపును. కట్టెలోని నీటిని ఆవిరి చేయుటకే కొంత వేడిమి వ్యయమగును. ఇల్లాలి కంట నీరు తెప్పించు ఆ పొగ, కాలకపోయిన ఇంధనమే.

అంకె పెద్దదైనంతనే పొయ్యి మంచిదనుటకు వీలులేదు. గిన్నె అంచు దాటి ఎగసిన మంట వంటింటి కప్పును కాచును గాని అన్నమును ఉడికింపదు. ఎండుకట్టెలు తూచి, నీళ్ళు కొలిచి, అవి మరుగునప్పటికి ఎంత కట్టె మిగిలినదో మరల తూచి చూడవలెను. మిగిలిన బొగ్గులను వేరుగా తూచుట మరువకుడు.