మెదడు బొమ్మ, మరపు జబ్బు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను డాక్టరును కాను. రైల్వే ఆఫీసులో గుమాస్తాను. చదువు మెట్రిక్యులేషను వరకే. అయినను ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణము మా అమ్మమ్మ. ఆమెను డాక్టర్లకు చూపించుచు తిరిగినప్పుడు తెలిసినదియు, తరువాత చదివి తెలుసుకొన్నదియు మీ ముందుంచుచున్నాను.

మొదట ఆమె పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది. దీపము వెలిగించి, మరల అగ్గిపెట్టె వెదికేది. “ఎనభై దాటినవి, చాదస్తము రాకేమి?” అని అందరము నవ్వుకొన్నాము. ఒకనాడు నలభై ఏండ్లుగా నడిచిన బజారు దారిలో ఇల్లు ఎటో తెలియక నిలబడిపోయినది. అప్పటికి గాని మా నవ్వు ఆగలేదు.

ఈ స్థితిని డాక్టర్లు డిమెన్షియా అందురు. అది ఒక్క రోగము పేరు కాదు. అనేక రోగముల వలన ఇది కలుగవచ్చును. వానిలో ఎక్కువమందికి వచ్చునది ఆల్జీమర్ వ్యాధి. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రికి ఆగస్టె డీటర్ అను 51 ఏండ్ల స్త్రీని తీసుకొనివచ్చినారు. తన పేరు వ్రాయమన్నను పూర్తిగా వ్రాయలేకపోయినది. 1906లో ఆమె చనిపోయిన తరువాత అలోయిస్ ఆల్జీమర్ అను డాక్టరు ఆ మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించగా, కణముల వెలుపల మచ్చలు, లోపల చిక్కుపడిన పోగులు కనబడినవి. పుర్రె తెరువకుండ, మనిషి బ్రతికి ఉండగానే ఆ మచ్చలను చూచు ఉపాయము ఆ తరువాత తొంబది ఏండ్లకు పైగా దొరకలేదు.

1971 అక్టోబరు 1వ తేదీన లండనులో హౌన్స్‌ఫీల్డ్ అను ఇంజనీరు కనిపెట్టిన సి.టి. యంత్రముతో మొదటిసారి ఒక రోగి మెదడును బొమ్మ తీసినారు. దొండకాయను చక్రములుగా తరిగినట్లు, ఎక్స్‌రే కిరణములతో మెదడు బొమ్మను పొరలు పొరలుగా చూపును. దానికి 1979లో నోబెల్ బహుమానము వచ్చినది. తరువాత వచ్చిన ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే లేదు; పెద్ద అయస్కాంతము, రేడియో తరంగములు పనిచేయును. మెదడులో చెవుల లోపలి వైపున, ఇరుప్రక్కల హిప్పోకాంపస్ అను చిన్న భాగమున్నది. క్రొత్త జ్ఞాపకములు నిలుచుటకు అది కావలెను. ఆల్జీమర్ వ్యాధిలో అది తొందరగా కృశించును, ఎం.ఆర్.ఐ.లో ఆ సంగతి తెలియును. ప్రొద్దుట త్రాగిన కాఫీ మరచిన మనిషి చిన్ననాటి పెండ్లి పల్లకిని వర్ణించుటకు కారణమిదే.

ఇక పెట్ అను మూడవ యంత్రము. స్వల్పముగా రేడియో ధార్మికత గల మందును సూదితో ఎక్కించి, అది మెదడులో ఎక్కడ చేరునో చూతురు. 2002లో స్వీడనులోని ఉప్సలాలో, అమెరికాలోని పిట్స్‌బర్గు శాస్త్రజ్ఞులు క్లంక్, మాథిస్ తయారుచేసిన మందుతో, ఆల్జీమర్ చూచిన మచ్చలను బ్రతికియున్న రోగిలో చూడగలిగినారు. మన దేశములో పెట్ యంత్రములు పెద్ద నగరములలో ఉన్నవి గాని ఎక్కువగా క్యాన్సరు రోగులకే వాడుచున్నారు.

ఒక మాట గట్టిగా చెప్పవలెను. స్కానింగు వలన ముఖ్యమైన లాభము ఆల్జీమర్ పేరు తెలియుట కాదు. క్రింద పడినప్పుడు పుర్రె లోపల రక్తము గూడుకట్టినను, మెదడులో నీరు చేరినను, గడ్డ పెరిగినను మరపు రావచ్చును. వీనిలో కొన్నిటికి ఆపరేషనుతో గుణము కనబడును. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము రక్తపరీక్షలో తెలియును, మందులున్నవి. “ముసలితనము” అని ఇంట్లో కూర్చోబెట్టిన అవన్నియు దాటిపోవును.

బొమ్మ చూచినంత మాత్రమున మనిషి తెలియడు. మచ్చలున్నను మరపు లేని వృద్ధులున్నారు. టొరంటో పరిశోధకులు 2012లో ప్రకటించినది వినుడు. మరపు ఒకే స్థాయిలో ఉన్న ఆల్జీమర్ రోగుల సి.టి. బొమ్మలను పోల్చగా, రెండు భాషలు మాట్లాడువారి మెదడే ఎక్కువ కృశించి ఉన్నదట! అంత దెబ్బ తిన్నను, ఒక్క భాష వారితో సమానముగా నెట్టుకొనివచ్చుచున్నారన్నమాట. మెయిను లైను చెడినప్పుడు లూపు లైను మీద బండి నడిపినట్లు అని నాకు తోచినది. హైదరాబాదులో నిజామ్స్ ఇన్‌స్టిట్యూటులో డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించినారు: రెండు భాషలవారికి జబ్బు లక్షణములు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చినవి. చదువురాని వారిలోను ఆ తేడా కనబడినది. దీనిని ఒప్పుకొననివారును ఉన్నారు. అయినను ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడు మన ఖుర్దారోడ్డువారికి ఇది పట్టని సంగతి కాదు.

పట్టవలసిన మరియొక సంగతి కలదు. మా అమ్మమ్మను మొదట చూచిన డాక్టరు ఒడియాలో ప్రశ్నలడిగినారు. ఏభై ఏండ్లు బజారులో ఒడియా బేరమాడిన మనిషి నోట ఒక్క మాట రాలేదు. ఆయన సున్నాలు వేసికొనుచు పోయినారు. మా అమ్మ తెలుగులో అడుగగా తారీకు చెప్పలేదు గాని, “ఇవాళ ఏకాదశి, నాకు తిండి పెట్టకండి” అన్నది. నిజముగా ఆనాడు ఏకాదశియే. ఈ జబ్బులో తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోవుట కలదు. కావున డాక్టరు వద్దకు పోవునప్పుడు తెలుగు తెలిసినవారు వెంట ఉండి, రోగికి ఏ భాష మొదటిదో ముందే చెప్పుడు. ఏ మరపు ఎప్పుడు మొదలైనదో కాగితము మీద వ్రాసికొని పొండు. పేస్‌మేకరు ఉన్నచో ఎం.ఆర్.ఐ. గదికి ముందే ఆ సంగతి చెప్పవలెను.

ఆ గదిలోనికి పోవుటకు గాజులు, ముక్కుపుడక తీయమన్నప్పుడు అమ్మమ్మ చాల గొడవ చేసినది. లోపల యంత్రము దడదడ మోగును. పిల్లలు సైతము భయపడుదురు. ఆమె మాత్రము కదలకుండ పరుండినది. ఇరవై నిముషముల తరువాత బల్ల వెలుపలికి రాగానే నా చేయి పట్టుకొని, “ఇచ్ఛాపురము వచ్చిందిరా?” అని అడిగినది. ఆమె పుట్టినిల్లు అక్కడే.