నమ్మకమూ – నెలచీటీ

నెలచీటీ పేరు వినని ఇల్లు తెలుగుదేశంలో అరుదు. ఇరుగుపొరుగువారు పన్నెండు మంది చేరి, తలకు నూరు రూపాయల వంతున నెలనెలా వేస్తారు. పోగైన పన్నెండు వందలూ నెలకొకరికి దక్కుతాయి. పాట లేని చీటీలో, పేర్లు వ్రాసిన కాగితపు ముక్కలలో ఒకటి తీసి, ఆ నెల ఎవరిదో నిర్ణయిస్తారు. పైకి ఇది డబ్బు లెక్క. కాని మొదటి నెల చీటీ ఎత్తినవారు తక్కిన పదకొండు మందికీ బాకీదారులు. చివర ఎత్తేవారు అందరికీ అప్పిచ్చినవారు. పత్రం లేదు, తాకట్టు లేదు. ఎత్తుకొన్న మనిషి రెండవ నెలనుండి ఎందుకు కట్టవలెను?

జర్మన్ సమాజశాస్త్రవేత్త గేయార్గ్ జిమ్మెల్ 1908లో ప్రకటించిన గ్రంథంలో, నమ్మకమనేది తెలియడానికీ తెలియకపోవడానికీ నడిమి స్థితి అన్నాడు. ఎదుటివారిని గూర్చి సమస్తమూ తెలిసినచో నమ్మవలసిన పనియే లేదు. ఏమీ తెలియనిచో నమ్మడానికి ఆధారమే లేదు. మాట సరియైనదే. అయితే ఆ కొంచెమైనా తెలియడం ఎట్లాగు?

ఇట్టి చీటీలు జావానుండి ఆఫ్రికా వరకు ఉన్నవని క్లిఫర్డ్ గీర్ట్జ్ 1962లోను, షర్లీ ఆర్డెనర్ 1964లోను వ్రాసిన వ్యాసాలవలన తెలుస్తున్నది. పలుచోట్ల ఒక వాడుక ఉన్నది: క్రొత్తవారికి చివరి వంతు. నెలనెలా తప్పక కట్టి చూపిన పిమ్మటనే వారి చేతికి సొమ్ము వస్తుంది. అనగా, వారు తమ డబ్బుతోనే తమ్ము ఎరుకపరచుకొంటారు.

వాడుక అన్నివేళలా చాలదు. నా చిన్ననాట మా అమ్మగారు వీథిలో చీటీ నడిపేవారు. ఒక ఏడు, ఎదురింట అద్దెకు దిగిన గృహిణి చీటీలో చేరి, మొదటి నెలే తనకు ఇప్పించుమని అడిగినది. బిడ్డకు వైద్యం చేయించవలెనట.

"దిగి వారమైనా కాలేదు వదినగారూ! రేపు సామాను సర్దుకొనిపోతే ఎవరిని అడుగుతాము?" అన్నారు పొరుగింటి ఆమె.

అనవలసిన మాటే. చీటీ నడిపినవారే ఊరు విడిచిన ఉదంతాలు మనమెరుగనివి కావు. మా అమ్మగారు కొంతసేపు ఊరకుండి, "ఆమె పోతే ఆ వాయిదాలు నేను కడతాను" అని సొమ్ము చేతిలో పెట్టినారు. ఆమెను గూర్చి మా అమ్మగారికి అదనంగా తెలిసినదేమీ లేదు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ 1990 నాటి గ్రంథంలో, నమ్మకం కుదిర్చే మధ్యవర్తులలో సలహా చెప్పేవారు వేరు, పూచీ పడేవారు వేరు అని విడదీసి చూపినాడు. సలహా చెప్పడానికి మా వీథిలో కొదువ లేదు.

ఐదవ నెల వాయిదా రాలేదు. మూడు రోజులు ఇంట్లో ఎవరమూ ఆ ప్రస్తావన తేలేదు. నాలుగవనాటి సాయంకాలం ఆమె తానే వచ్చి, అరువది రూపాయలు అరుగుమీద పెట్టి, తక్కినవి పదిరోజులలో ఇస్తానన్నది. ఇచ్చినది.

మరుసటి ఏడు క్రొత్తచీటీలో ఆమె పేరు వ్రాయడానికి ఎవరినీ అడుగవలసిన పని లేకపోయినది. పొరుగింటి ఆమె ఊరికి పోయినప్పుడెల్లా తాళపుచెవి ఎదురింటనే ఇచ్చిపోయేవారు.