ఆరుగురు ప్రయాణికులు, ఒక్క గడి

ఫోన్‌లో రైలు టికెట్ తీసుకుంటాం కదా. మామూలుగా ఒక్క టికెట్ మీద ఆరుగురి దాకా వెళ్ళవచ్చు. రైలు ఒకటే, తేదీ ఒకటే, పీఎన్‌ఆర్ నంబరూ ఒకటే. లోపల మాత్రం మనిషి మనిషికీ పేరు, వయసు, బెర్తు వేరు. ఇలా ఒక జాబితాలో ఇంకో జాబితా ఇమిడి ఉంటే దాన్ని నెస్టెడ్ అర్రే అంటారు. మీ ఇంటి పిల్లలెవరైనా హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటే అడిగి చూడండి, దీనితో రోజూ కుస్తీయే!

డేటాబేస్‌కి ఇది ఓ పట్టాన కొరుకుడు పడదు. ఐబీఎమ్‌లో పనిచేసే ఎడ్గర్ కాడ్ 1970లో ఒక వ్యాసం రాశాడు. సమాచారాన్ని పట్టికల్లో పెట్టాలి, ఒక్కో గడిలో ఒక్క విలువే ఉండాలి అన్నాడు. ఇప్పటికీ చాలా డేటాబేస్‌లు నడిచేది ఆ దారినే. మరి ఆరుగురు ఒక గడిలో ఎలా పడతారు?

పద్ధతైన దారి, రెండు పట్టికలు వేయడం. టికెట్ల పట్టికలో ఒక వరుస, ప్రయాణికుల పట్టికలో ఆరు వరుసలు. ఆ ఆరింటిలోనూ అదే పీఎన్‌ఆర్ నంబరు. అరవై దాటినవాళ్ళెందరని అడిగితే చిటికెలో లెక్క వస్తుంది.

ఇంత ఓపిక లేనివాళ్ళు అంతా కలిపి మూటకట్టి ఒకే గడిలో పడేస్తారు. పీహెచ్‌పీ భాషలో సీరియలైజ్ అనే ఆదేశం చేసేది అదే. ఆ మూటలో ప్రతి మాట ముందూ దాని పొడవు బైట్లలో రాసి ఉంటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. పొల్లు కూడా ఒక గుర్తే కాబట్టి 'అమ్మ'కు 12, 'అమ్మమ్మ'కు 21. ఎవరో డేటాబేస్‌లోకి నేరుగా వెళ్ళి అమ్మను అమ్మమ్మగా దిద్ది, 12ను అలాగే వదిలేశారనుకోండి. ఆ ఒక్క పేరే కాదు, మూట మొత్తం విప్పడానికి రాదు.

మూటను జేసన్ అనే రూపంలో కడితే ఈ పొడవుల బెడద లేదు. డేటాబేస్‌లలో పోస్ట్‌గ్రెస్ 2014లో జేసన్‌బీ అనే రకాన్ని, మైసీక్వెల్ 2015లో జేసన్ రకాన్ని తెచ్చాయి. వీటితో మూట విప్పకుండానే లోపల వెతకవచ్చు. అయినా అన్నింటినీ అందులోకి తోసేయడం నాకు నచ్చదు. అన్న ఒక ఫోన్లో, చెల్లెలు ఇంకో ఫోన్లో ఒకే టికెట్లో తమ తమ పేర్లు రద్దు చేస్తున్నారనుకుందాం. ప్రోగ్రాము మూట మొత్తాన్ని పైకి తీసి, మార్చి, తిరిగి రాసే రకమైతే, ఆఖర్న రాసినదే నిలుస్తుంది. ముందు చేసిన రద్దు గల్లంతు. విడి వరుసలైతే ఎవరి వరుస వాళ్ళదే.

మూటకు తగిన చోట్లూ లేకపోలేదు. తెర రంగు, అక్షరాల సైజు, ఏ సందేశాలు రావాలన్న ఎంపికలు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. వాటిని విడగొట్టి లెక్కలు అడిగేవాళ్ళు అరుదు. మనిషి లాగిన్ కాగానే మొత్తం ఒకేసారి కావాలి, అంతే. కాబట్టి పేరు, వయసు, బెర్తు పట్టికల్లో వరుసలుగా ఉంటే, ఈ ఎంపికలు ఆ పక్కనే ఒక జేసన్ గడిలో హాయిగా ఉండవచ్చు.